ప్రణాళిక, పల్లె మాట

వ్యూహమన్న మాట మొదట యుద్ధభూమికి చెందినది. సేనను ఏ తీరున నిలపాలో, ఏ వైపునుంచి కదపాలో నిర్ణయించేవాడు సేనాపతి. ఆ నిర్ణయాన్ని తలదాల్చేవాడు సైనికుడు. రాజ్యపాలనలోనూ, ప్రజాసేవకై ఏర్పడిన సంస్థలలోనూ దీనికి సాటివచ్చే పనికి ప్రణాళికారచన అని పేరు. కాని ఈ రెండింటికీ ఒక పెద్ద భేదమున్నది. పల్లెటూరి రైతు సైనికుడు కాడు. అతనికి మంచి విత్తనం ఇవ్వవచ్చు, సలహా చెప్పవచ్చు, బావికి అప్పు ఇప్పించవచ్చు. ఆజ్ఞాపించడానికి మాత్రం వీలులేదు. అతడు కాదంటే ఎంత ఘనమైన ప్రణాళిక అయినా కాగితంమీదనే నిలిచిపోతుంది. అతడు ఎందుకు కాదన్నాడో ప్రణాళిక వ్రాసినవారికి తెలియకపోతే, మరుసటి ప్రణాళిక కూడా ఆ తప్పుతోనే పుడుతుంది.

స్వతంత్ర భారతదేశ చరిత్రలో ఈ సంగతిని తేటతెల్లం చేసే ప్రయత్నాలు రెండున్నవి. ఒకటి, ప్రభుత్వం స్వయంగా చేపట్టిన సమాజాభివృద్ధి కార్యక్రమం. రెండవది, రైతుల సహకార సంఘంనుంచి పుట్టి, లాభాపేక్ష లేని ఒక సంస్థ చేతులమీదుగా దేశమంతటా వ్యాపించిన పాడి ఉద్యమం. రెండూ కొద్ది గ్రామాలలో చిన్నగా ఆరంభమైనవే. రెండింటినీ కళ్లారా చూసి సంతోషించిన పాలకులు, వాటిని దేశమంతటికీ విస్తరింపజేయాలని సంకల్పించారు. ఫలితాలు మాత్రం ఒక్క తీరున లేవు. ఎందుకు లేవన్న ప్రశ్నకు సమాధానం వెదకడం, ప్రణాళిక అంటే ఏమిటో తెలుసుకోవడమే.

పల్లెలను బాగుచేయాలన్న తలంపు స్వాతంత్ర్యంతో పుట్టినది కాదు. 1920 దశకంలో పంజాబులోని గుర్‌గావ్ జిల్లాకు డిప్యూటీ కమిషనరుగా ఉండిన ఎఫ్. ఎల్. బ్రేన్ అనే ఆంగ్లేయాధికారి, ఎరువు గుంతలు త్రవ్వించడం, ఇండ్లకు కిటికీలు పెట్టించడం, మేలుజాతి విత్తనాలు పంచడం వంటి పనులను ఎంతో పట్టుదలతో సాగించాడు. అతడు జిల్లాలో ఉన్నంతకాలం ఆ పనులు నడిచినవి. బదిలీ అయి వెళ్లిన తరువాత చాలావరకు కుంటుపడినవి. రైతులు కిటికీలు పెట్టినది దొరగారికోసం, తమకోసం కాదు. ఆ రోజులలోనే, 1922లో, రవీంద్రనాథ ఠాకూరు లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ సహాయంతో వంగదేశంలోని సురుల్ గ్రామంవద్ద శ్రీనికేతనాన్ని స్థాపించారు. అక్కడి మార్గం వేరు. ముందు గ్రామస్థుని కష్టమేమిటో అతని నోటనే వినడం, తరువాత అతనితో కలిసి పని ఆరంభించడం. అయితే శ్రీనికేతనం చుట్టుప్రక్కల గ్రామాలకు పరిమితమైన సంస్థ. దేశాన్నంతటినీ భుజాలకెత్తుకొనగల శక్తి దానికి లేదు.

దేశం మొత్తానికి ఒక ప్రణాళిక కావాలన్న వాదం మరొక దిక్కునుంచి వచ్చినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ అవసరమని ఒక గ్రంథమే వ్రాశారు. 1938లో కాంగ్రెసు అధ్యక్షులుగా ఉండిన సుభాష్ చంద్రబోసు జాతీయ ప్రణాళికా సమితిని ఏర్పరచగా, జవహర్‌లాల్ నెహ్రూ దానికి అధ్యక్షత వహించారు. 1944లో బొంబాయి పారిశ్రామికులు ఒక ప్రణాళికను, గాంధేయమార్గంలో శ్రీమన్నారాయణ్ అగర్వాల్ మరొక ప్రణాళికను ప్రకటించారు. ఇన్ని ఆలోచనల వారసత్వంతో 1950 మార్చి 15న కేంద్ర మంత్రివర్గ తీర్మానంద్వారా ప్రణాళికా సంఘం ఏర్పడినది. రాజ్యాంగంలో దానికి స్థానం లేదు. ఏ శాసనమూ దానిని సృష్టించలేదు. అయినప్పటికీ ప్రధానమంత్రి అధ్యక్షతవల్ల దాని మాటకు గొప్ప విలువ కలిగినది. 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక ఆరంభమైనది.

ఢిల్లీలో కూర్చున్నవారికి ఆరు లక్షలకు చేరువైన పల్లెలు ఎట్లా కనబడతవి? ఈ ప్రశ్నను ఆనాటివారు మరచిపోలేదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ పూనికతో 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది. కొన్ని ఇండ్లను శాస్త్రీయంగా ఎన్నుకొని, వాటి ఆదాయవ్యయాలనుబట్టి దేశస్థితిని అంచనా కట్టే ఈ పద్ధతి ప్రపంచంలో పేరు గడించినది. కాని అంకెలకొక హద్దున్నది. అడిగిన ప్రశ్నకే అంకె సమాధానం చెప్పగలదు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి రైతు మనస్సులో ఉంటే, దానిని పైకి తెచ్చే బాట వేరుగా ఉండాలి.

ఆ బాటను వేయడానికి ప్రయత్నించిన చోటు ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లా. ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికా వాస్తుశిల్పి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యపు ఇంజనీరుగా భారతదేశానికి వచ్చి, 1945లో నెహ్రూను కలుసుకొన్నారు. పట్టణ నిర్మాణంలో ఆరితేరిన ఆయన దృష్టి పల్లెలమీదకు మళ్లినది. గోవింద వల్లభ్ పంత్ ప్రభుత్వం ఆదరించగా, 1948లో ఇటావా జిల్లా మహేవా కేంద్రంగా 64 గ్రామాలలో ఒక ప్రయోగం మొదలైనది. తరువాత వాటి సంఖ్య 97కు పెరిగినది. వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, ఆరోగ్యానికి ఒకరుగా అధికారులు వచ్చిపోయే పాత పద్ధతిని విడిచి, కొద్ది గ్రామాలకొక కార్యకర్తను నియమించి, అన్ని పనులకూ అతనినే రైతుకు చేరువచేశారు. ‘పంజాబు 591’ అనే గోధుమ విత్తనం, పచ్చిరొట్ట ఎరువుకు జనుము అక్కడ పొలాలలో నిలదొక్కుకొన్నవి.

ఇటావాలో విత్తనాలకన్న విలువైనది మరొకటి ఉన్నది. దానికి మేయర్ పెట్టిన పేరు ఆంతరంగిక ప్రజాస్వామ్యం. రైతును స్వతంత్రంగా ఆలోచించమని చెప్పవలసిన కార్యకర్త తన పై అధికారి ఎదుట నోరెత్తలేనివాడైతే ఆ బోధ నిష్ఫలమని ఆయన గ్రహించారు. అందుచేత ఉద్యోగుల సమావేశాలలో క్రిందివారు పైవారిని ప్రశ్నించవచ్చు. పని చెడితే చెడిందని చెప్పవచ్చు. వలస పాలనలో పుట్టి పెరిగిన కచేరీలకు ఇది అలవాటులేని పద్ధతి. కలెక్టరు మాట్లాడుతుంటే తహసీల్దారు నిలబడి వినడమే అంతవరకు ఆనవాయితీ. ఇటావాలో కార్యకర్త తెచ్చిన పల్లె మాట పైవరకు వెళ్లి, పైవారి నిర్ణయాన్ని మార్చగలిగినది. ఆ ప్రయోగానికి ప్రాణమదే.

ఆ ఫలితాలను చూసిన ప్రభుత్వం 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, దేశంలో 55 సమాజాభివృద్ధి పథకాలను ఆరంభించినది. ఒక్కొక్క పథకం కింద సుమారు 300 గ్రామాలు, రెండు లక్షల జనం. అమెరికా సాంకేతిక సహాయం, ఫోర్డు ఫౌండేషన్ తోడ్పాటు లభించినవి. శరణార్థులకోసం నీలోఖేరి పట్టణాన్ని కట్టించి పేరుపొందిన ఎస్. కె. డే ఈ కార్యక్రమానికి సారథి అయినారు. మరుసటి సంవత్సరమే, 1953 అక్టోబరు 2న, జాతీయ విస్తరణ సేవ మొదలైనది. సుమారు నూరు గ్రామాలు, అరవై డెబ్బై వేల జనం కలిసి ఒక బ్లాకు. బ్లాకుకు ఒక అభివృద్ధి అధికారి. పది గ్రామాలకు ఒక గ్రామసేవకుడు. రెండవ ప్రణాళిక ముగిసేలోగా దేశమంతటా బ్లాకులు ఏర్పడాలన్న సంకల్పం కలిగినది.

ఆ తొందరను తప్పుపట్టడం సులభం. అర్థం చేసుకోవడం న్యాయం. కొత్తగా ఓటు వచ్చిన ప్రజలున్నారు. ప్రక్క జిల్లాకు బ్లాకు వచ్చినది, మా జిల్లాకు ఎందుకు రాలేదని శాసనసభలలో ప్రశ్నలు పుట్టినవి. ఆకలితో ఉన్న దేశంలో 97 గ్రామాలకు మేలుచేసి, మిగిలినవారిని కొన్నేళ్లు ఆగమనడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. కాని విత్తనమూ, జీపూ, నిధులూ విస్తరించినంత వేగంగా వినే అలవాటు విస్తరించలేదు. ఇటావాలో ఒక కార్యకర్త కొద్ది గ్రామాలను చూసుకొనగా, ఇక్కడ గ్రామసేవకునికి పది గ్రామాలు అప్పగించబడినవి. అతనికి లభించినది కొద్ది నెలల శిక్షణ. అతని చేతిలో పెట్టినది లక్ష్యాల పట్టిక. ఇన్ని కంపోస్టు గుంతలు, ఇన్ని మణుగుల విత్తనం, ఇన్ని గజాల రోడ్డు. నెల తిరిగేసరికి నివేదిక పంపాలి. గుంతను త్రవ్వించినట్లు నివేదికలో చూపవచ్చు. ఆ గుంతలో ఎరువు పడినదా లేదా అని పట్టిక అడగదు. ఎరువు పడకపోవడానికి కారణమేమిటో వ్రాయడానికి అందులో గడియే లేదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోదగ్గది. తన పనిలోని లోపాలను తనకే ఎత్తిచూపడానికి ప్రభుత్వం 1952లోనే కార్యక్రమ మూల్యాంకన సంస్థను ఏర్పరచినది. కార్యక్రమాన్ని నడిపేవారి అధీనంలో కాక, ప్రణాళికా సంఘంలో దానికి స్వతంత్రస్థానం కల్పించారు. ఏటేటా అది నివేదికలను ప్రకటించినది. ప్రజల పూనిక చాలడంలేదనీ, మేలు కలిగిన చోట కూడా అది ఉన్నవారికే ఎక్కువగా అందుతున్నదనీ ఆ నివేదికలు దాపరికం లేకుండా చెప్పినవి. ఆనాడు ఇంత నిజాయితీగా తన పనిని తాను తూచుకొన్న ప్రభుత్వాలు అరుదు. అయినా ఫలమేమి? నివేదిక అచ్చయినది, చదవబడినది, చర్చించబడినది. కొత్త బ్లాకుల సంఖ్య మాత్రం ముందు నిర్ణయించిన ప్రకారమే పెరుగుతూ పోయినది. నిజం చెప్పే నోరున్నది. ఆ నిజాన్నిబట్టి అడుగు ఆపే కాలు లేదు.

మానవశాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే ఈ కాలాన్ని సన్నిహితంగా పరిశీలించారు. హైదరాబాదుకు దాపున ఉన్న శామీర్‌పేట గ్రామంపై ఆయన వ్రాసిన గ్రంథం 1955లో వెలువడినది. భారతీయ గ్రామాధ్యయనాలలో అది మొదటి శ్రేణికి చెందినది. 1958లో వెలువడిన మరొక గ్రంథంలో, ఉత్తరప్రదేశ్ పల్లెలలో సమాజాభివృద్ధి కార్యక్రమం నడిచిన తీరును వివరించారు. శ్రమదానంతో రోడ్డు వేసేటప్పుడు చెమటోడ్చినవారు అధికంగా పేదలు. ఆ రోడ్డుమీద బండి తోలుకొని సంతకు వెళ్లగలిగినవారు బండ్లున్న మోతుబరులు. పేదవానికి అది దానం కాదు, వెనుకటి వెట్టికి కొత్త పేరువలె తోచినది. గ్రామసేవకుడు ఇటు గ్రామస్థులకు పూర్తిగా ఆత్మీయుడు కాలేక, అటు అధికారుల మెప్పు విడువలేక నలిగిపోయాడు. ఢిల్లీలోని ప్రణాళికాకర్తల సద్భావాన్ని దూబే శంకించలేదు. పల్లెలోని మనిషిని వారు తెలుసుకొన్నది చాలలేదని మాత్రమే చూపించారు.

1957 జనవరిలో ప్రభుత్వం బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. ఆ సంవత్సరం నవంబరులో సమర్పించిన నివేదిక, స్థానికంగా ప్రజల చొరవను మేల్కొల్పడంలో కార్యక్రమం విఫలమైనదని తేల్చి, ప్రజాస్వామిక వికేంద్రీకరణను సూచించినది. గ్రామానికి పంచాయతీ, బ్లాకుకు సమితి, జిల్లాకు పరిషత్తు. వినమని అధికారులను బ్రతిమాలడం కాక, వినక తప్పని స్థితిని కల్పించడం దీని సారాంశం. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీ రాజ్యాన్ని ప్రారంభించారు. ఆ ఏడే పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల శాసనాన్ని అమలుపరచి ఆంధ్రప్రదేశ్ ఆ బాటలో రెండవ రాష్ట్రంగా నిలిచినది. సమితి అధ్యక్షుడు అన్న మాట తెలుగు పల్లెలలో నిత్యవ్యవహారంలోకి వచ్చినది అప్పుడే.

కాని ఆ సరికే దేశం దృష్టి మరలుతున్నది. 1957లో విదేశమారకపు కొరత ఏర్పడినది. ఆహారధాన్యాల లోటు పాలకులను భయపెట్టినది. 1959లో ఫోర్డు ఫౌండేషన్ నిపుణులు, అన్ని చోట్లా కొంచెం కొంచెం చేసే బదులు, నీరున్న జిల్లాలలో శక్తినంతా కేంద్రీకరించాలని సలహా చెప్పారు. ఆ ప్రకారం ఎన్నుకొన్న మొదటి జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. అక్కడ పంట పెరిగినది నిజం. సమాజాభివృద్ధి అన్న పెద్ద ఆశ మాత్రం క్రమంగా చిన్నబోయినది. 1966లో దాని మంత్రిత్వశాఖ ఆహార వ్యవసాయ శాఖలో కలిసిపోయినది. పంచాయతీ సంస్థలకు ఎన్నికలు అనేక రాష్ట్రాలలో ఏళ్ల తరబడి వాయిదా పడినవి. 1978లో అశోక్ మెహతా సంఘం, 1964వరకు ఉచ్ఛదశ, 1969వరకు స్తబ్ధత, ఆపైన క్షీణత అని ఆ కథను మూడు భాగాలుగా విభజించి చెప్పినది. తీరా వచ్చిన సమితులలోనూ చాలచోట్ల అధికారం చేరినది భూమీ, బలగమూ ఉన్న కుటుంబాలకే. పల్లె మాట పైకి పోవడానికి బాట వేయగా, ఆ బాట మొదట్లోనే పల్లె పెద్దలు కూర్చున్నారు.

రెండవ కథ గుజరాత్‌లోని ఖేడా జిల్లాకు చెందినది. 1945లో బొంబాయి నగరానికి పాలు సరఫరా చేసే ఏర్పాటులో, ఆ జిల్లా పాలను పోల్సన్ డెయిరీ సేకరించి పంపడానికి ఒప్పందమైనది. నగరంలో పాలకు ధర పలికినా పాడిరైతుకు దక్కేది స్వల్పం. రైతులు సర్దార్ వల్లభభాయ్ పటేల్‌వద్దకు వెళ్లగా, మీ పాలను మీరే సహకార సంఘంద్వారా అమ్ముకోండని ఆయన సలహా చెప్పారు. 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయి సమక్షంలో సభ జరిగినది. ప్రభుత్వం ఒప్పుకొనేవరకు పాలు పోయరాదని రైతులు తీర్మానించి, పదిహేను రోజులు ఆ మాటమీద నిలబడ్డారు. ఆ ఏడు డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం నమోదైనది. మొదట్లో రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలు; అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్. 1949లో ప్రభుత్వోద్యోగిగా ఆణంద్‌కు వచ్చిన వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు, గడువు తీరినా వెళ్లిపోక సంఘంలో చేరిపోయారు. గేదెపాలనుంచి పొడి చేయడం సాధ్యంకాదన్న విదేశీ నిపుణుల మాటను ఆయన సహచరుడు హెచ్. ఎం. దలాయా వమ్ముచేశారు. 1955 అక్టోబరులో అక్కడి పాలపొడి కర్మాగారాన్ని నెహ్రూ ప్రారంభించారు. ఆ సంఘం సరుకుకు పెట్టిన పేరే అమూల్.

ఈ సంస్థ నడకలో ఒక మర్మమున్నది. ఉదయం సాయంత్రం రైతు గ్రామ కేంద్రానికి పాలు తెస్తాడు. అక్కడనే కొలిచి, వెన్నశాతం చూసి, దానికి తగిన సొమ్ము చెల్లిస్తారు. ధర గిట్టకపోతే, కొలతలో మోసం జరిగితే, గేదెకు జబ్బుచేసినప్పుడు పశువైద్యుడు రాకపోతే, ఆ సంగతి నెలాఖరు నివేదికకోసం ఆగదు. మరునాటి పాల కుండలోనే కనబడుతుంది. ఆణంద్‌లోని నిపుణునికి జీతమిచ్చేది రైతు సంఘం. కాబట్టి అతడు వినడం ఔదార్యం కాదు, విధి. గ్రామసేవకుడు పైకి జవాబుదారి. ఆణంద్ ఉద్యోగి క్రిందికి జవాబుదారి.

1964 అక్టోబరులో పశువుల దాణా కర్మాగారాన్ని ప్రారంభించడానికి వచ్చిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, ఆ ప్రాంతంలోని ఒక పల్లెలో రాత్రి బసచేసి, రైతులతో ముచ్చటించారు. నేలా వానా తక్కిన దేశంలోవలెనే ఉండగా పాడి మాత్రం ఇక్కడనే ఎందుకు వర్ధిల్లినదన్న ప్రశ్నకు, యజమానులు రైతులు కావడమే కారణమన్న సమాధానం ఆయనకు దొరికినది. ఈ పద్ధతిని దేశమంతటా నెలకొల్పడానికి 1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడినది. అది ప్రభుత్వ శాఖ కాదు. సంఘాల నమోదు చట్టం కింద లాభాపేక్ష లేని సంఘంగా పుట్టినది. దాని ముఖ్య కార్యాలయం ఢిల్లీలో కాక ఆణంద్‌లో ఉండాలన్నది కురియన్ పట్టు.

పేరు పెద్దదే, చేతిలో డబ్బు లేదు. కొంతకాలం రాష్ట్రప్రభుత్వాలనుంచీ పెద్ద సహాయం రాలేదు. ఐరోపాలో పాలపొడి, వెన్న గుట్టలుగా మిగిలిపోతున్న సమయమది. ఆ సరుకు చౌకగానో ఉచితంగానో ఇక్కడకు వచ్చిపడితే దేశంలోని పాడిరైతు చితికిపోతాడు. దానిని దానంగా స్వీకరించి, నగరాలలో సరసమైన ధరకు పాలుగా అమ్మి, వచ్చిన సొమ్ముతో గ్రామ సంఘాలను, కర్మాగారాలను నిర్మించాలన్నది ఉపాయం. అపాయాన్ని మూలధనంగా మార్చిన ఈ ఆలోచనే 1970లో ఆరంభమైన పాలవెల్లువ కార్యక్రమం. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలతో 18 పాల ప్రాంతాలను కలపడం మొదటి దశ లక్ష్యం. 1975నాటికి ముగియవలసిన ఆ దశ 1981వరకు సాగినది. సంఘాలు రైతుల చేతిలో కుదురుకొనకముందే లెక్క పూర్తయిందనిపించుకోవడంకన్న, గడువు జరుగుటయే మేలు.

విస్తరణకు అనుసరించిన తీరు గమనింపదగినది. ఒక జిల్లాకు ముందుగా పశువైద్యుడు, లెక్కలు తెలిసినవాడు, సంఘ నిర్మాణం తెలిసినవాడు మొదలైన కొద్దిమందితో ఒక బృందం వెళ్లేది. వారు పల్లెలలోనే తిరుగుతూ, రైతులచేత సంఘాన్ని కట్టించేవారు. ఆ జిల్లాకు చెందిన మరొక బృందం వారి వెంట నీడవలె ఉండి పని నేర్చుకొనేది. నేర్చిన తరువాత వచ్చినవారు వెళ్లిపోయేవారు. పట్టికను పంపలేదు; పనిచేసే అలవాటును మనుషులద్వారా పంపారు. 1996లో మూడవ దశ ముగిసేనాటికి గ్రామ సంఘాలు 70 వేలు దాటినవి. 1990 దశకం ముగిసేలోగా పాల ఉత్పత్తిలో భారతదేశం ప్రపంచంలో మొదటి స్థానానికి చేరినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి, ప్రభుత్వం చేస్తే చెడుతుంది, స్వచ్ఛంద సంస్థ చేస్తే బాగుపడుతుంది అని తేల్చివేయడం సరికాదు. పాలకు వెన్నశాతం ఉన్నది. గ్రామారోగ్యానికి, చదువుకు, కులాల నడుమ సఖ్యతకు అటువంటి కొలత లేదు. ప్రతిదినం సొమ్ము చేతికందే పనిలో రైతు మాట దానంతట అదే వినబడుతుంది. పదేండ్లకు గాని ఫలమివ్వని పనిలో దానిని వెదకి వినాలి. ఆణంద్ పద్ధతికీ లోపాలున్నవి. గేదెను మేపి పాలు పిదికేది చాలవరకు స్త్రీ. సంఘ సభ్యత్వం చాలచోట్ల పురుషుని పేరున ఉండేది. విదేశీ పొడిమీద ఆధారపడడం గురించీ, భూమిలేనివారికి దక్కిన మేలు ఎంత అన్న విషయం గురించీ 1980 దశకంలో తీవ్రవిమర్శలు రాగా, ఎల్. కె. ఝా అధ్యక్షతన ఒక సంఘం కార్యక్రమాన్ని పరిశీలించినది. ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి. కొన్ని రాష్ట్రాలలో ఆణంద్ పేరూ, నిర్మాణమూ తెచ్చుకొన్నారు గాని, అధికారాన్ని రైతులకు ఇవ్వలేదు. అధ్యక్షస్థానంలో ప్రభుత్వ నియమితులు కూర్చున్నారు, ఎన్నికలు జరగలేదు. అట్టి చోట్ల పాల సంఘానికీ, పాత బ్లాకు కచేరీకీ పెద్ద తేడా మిగలలేదు. ఇటావాకు పట్టిన గతే ఆణంద్‌కూ అక్కడక్కడ పట్టినది.

అందుచేత భేదం ప్రభుత్వానికీ స్వచ్ఛంద సంస్థకూ నడుమ ఉన్నది కాదు. క్రిందినుంచి వచ్చిన మాటకు పై నిర్ణయాన్ని మార్చే శక్తి ఉన్నదా లేదా అన్నదే భేదం. వినిపించుకోవడం వేరు, విని మారడం వేరు. మూల్యాంకన సంస్థ ద్వారా ప్రభుత్వం వినిపించుకొన్నది, మారలేకపోయినది. ఆణంద్‌లో మారక తప్పలేదు.

దేశం ఈ పాఠాన్ని పూర్తిగా మరచిపోయినదనీ చెప్పలేము. 1992లో ఆమోదం పొంది 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు ఎన్నికలను తప్పనిసరి చేసినది. దళితులకు, గిరిజనులకు వారి జనసంఖ్యనుబట్టి, స్త్రీలకు మూడవవంతుకు తగ్గకుండా స్థానాలను కేటాయించినది. బాట మొదట్లో కూర్చున్న పెద్దలను ప్రక్కకు జరపడానికి అది చేసిన ప్రయత్నం. కేరళ 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమాన్ని చేపట్టి, రాష్ట్ర ప్రణాళికా వ్యయంలో మూడవవంతుకు పైగా స్థానిక సంస్థల చేతికి అప్పగించి, గ్రామసభలలోనే పనులను నిర్ణయించుకొమ్మన్నది. 2015 జనవరి 1న ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వెలసినది; 2017 మార్చితో పన్నెండవ పంచవర్ష ప్రణాళిక ముగిసి, ఆ వరుసకు తెరపడినది. 2018లో వెనుకబడిన 112 జిల్లాలను ఎన్నుకొని, 49 సూచికలతో ప్రతినెలా వాటి ప్రగతిని కొలిచే కార్యక్రమం ఆరంభమైనది. ఒకనాడు గ్రామసేవకుడు సైకిలుమీద తీసుకువెళ్లిన నివేదికకు నెల పట్టేది. ఇప్పుడు అంకె క్షణంలో రాజధానికి చేరుతున్నది.

వేగం పెరిగినది. బాటలో నడిచేది ఏమిటన్న ప్రశ్న మాత్రం 1952నాటిదే. కంపోస్టు గుంత త్రవ్వించానని వ్రాసిన గ్రామసేవకుడు అబద్ధాలకోరు కాడు. అతనిని అడిగిన ప్రశ్నకు అతడు సమాధానం వ్రాశాడు. అడగని దానిని చెప్పడానికి చోటూ, చెప్పినందుకు కీడు జరగదన్న ధైర్యమూ అతనికి లేకపోయినవి. ఇటావా సమావేశాలలో ఒక చిన్న ఉద్యోగి లేచి, అయ్యా, ఈ పని మా ఊళ్లో జరగదు, కారణం ఇది అని చెప్పగలిగిన రోజున భారతదేశంలో ప్రణాళిక అన్నది నిజంగా ఆరంభమైనది. అట్లా లేచి చెప్పేవాడు ఉన్నంతవరకు, విని దిద్దుకొనేవాడు ఉన్నంతవరకు, అది నిలుస్తుంది.